బరువు మోస్తే నిలబడింది... ఖాళీగా ఉంటే కూలిపోయింది

సొంతంగా కంప్యూటర్ అసెంబుల్ చేసుకుని, ప్రాసెసర్ వేగాన్ని కంపెనీ చెప్పినదానికంటే కాస్త పెంచి వాడుకునేవాళ్ళను బాగా తికమకపెట్టే జబ్బు ఒకటుంది. బరువైన పని అప్పగిస్తే ఎన్ని గంటలైనా కిక్కురుమనదు. పని అయిపోయి, తెర మీద ఓ ఈ-పేపర్ మాత్రమే తెరిచి ఉన్నప్పుడు, లేదా ఏదీ తెరిచి లేనప్పుడు, టక్కున ఆగి మళ్ళీ మొదలవుతుంది. చాలాసార్లు బ్లూ స్క్రీన్ కూడా కనిపించదు. వేడెక్కిందేమో అనుకుందామంటే అప్పుడు వేడెక్కేంత పనే లేదు. షాపుకు తీసుకెళ్తే ‘విండోస్ పాడైంది, ఫార్మాట్ కొడదాం’ అంటారు. కొడతారు. రెండు రోజులు బాగానే ఉంటుంది. తర్వాత మళ్ళీ మామూలే.

విజయవాడలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే మా మేనల్లుడి కంప్యూటర్‌ది అచ్చం ఇదే వరస. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో విడిభాగాలు ఒక్కొక్కటీ బేరమాడి కొని, తన చేత్తో బిగించుకున్న మిషన్ అది. లోపల ఉన్నది ఏఎండీ రైజెన్ 5 5600ఎక్స్. 2020 నవంబరులో వచ్చిన 6 కోర్ల ప్రాసెసర్. మామూలు వేగం 3.7 గిగాహెర్ట్జ్, అవసరమైతే దానంతటదే 4.6 దాకా వెళ్తుంది. అది చాలక మావాడు బయాస్‌లోకి వెళ్ళి ఇంకో 200 మెగాహెర్ట్జ్ పెంచాడు. వేడి తగ్గాలని ఆరు కోర్లకూ వోల్టేజీ కోసేశాడు. ర్యామ్‌ను 3600 మీద పరిగెత్తించాడు. “రాత్రంతా స్ట్రెస్ టెస్ట్ పెట్టాను మామయ్యా, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. అంటే స్టేబులే కదా?” అని ఫోన్‌లో అడిగాడు.

కాదు. ఆ రాత్రి పరీక్ష ఒక ప్రశ్నకు జవాబిచ్చింది. కంప్యూటర్ కూలిపోతున్నది వేరే ప్రశ్న దగ్గర.

టిక్కుకూ టిక్కుకూ మధ్య

ప్రాసెసర్‌లో జరిగే పనులన్నీ ఒక గడియారపు సంకేతం ప్రకారం నడుస్తాయి. 4.6 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 460 కోట్ల టిక్కులు. ఒక టిక్కుకూ ఇంకో టిక్కుకూ మధ్య వ్యవధి నానోసెకనులో అయిదో వంతు కంటే కొద్దిగా ఎక్కువ, అంతే. ఆలోపల విద్యుత్ సంకేతం ఒకచోట బయల్దేరి, దారిలో ఉన్న ట్రాన్సిస్టర్లన్నీ దాటి, అవతలి రిజిస్టర్ దగ్గర 0 అయితే 0గా, 1 అయితే 1గా కుదురుకోవాలి.

బంతి భోజనాల్లో అన్నం వడ్డించే మనిషి వెనకే పప్పు గరిటె మనిషి వస్తాడు. ముందాయన వడ్డించి జరగకముందే వెనకాయన్ని తోసేస్తే పప్పు ఖాళీ విస్తట్లో పడుతుంది. వడ్డన మాత్రం ఆగదు, ఆ తప్పుతోనే బంతి చివరిదాకా సాగిపోతుంది. ఇలా వేగం పెంచుకోవడం, అంటే ఓవర్‌క్లాక్, శ్రుతి మించినప్పుడు లోపల జరిగేది ఇదే. ప్రాసెసర్ అలసిపోయి ఆగుతుందని చాలామంది అనుకుంటారు. అది అలసిపోదు. సంకేతం చేరకముందే టిక్కు పడుతుంది, అక్కడున్న పాత విలువనే కొత్తదనుకుని కోర్ ముందుకు పోతుంది.

సంకేతం తొందరగా చేరాలంటే వోల్టేజీ పెంచాలి. అక్కడే చిక్కు. ప్రాసెసర్ తాగే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 1.20 వోల్టుల దగ్గర 4.2 గిగాహెర్ట్జ్‌తో నడిచే ప్రాసెసర్‌కు 1.35 వోల్టులిచ్చి 4.7కు తీసుకెళ్ళారనుకోండి. వేగంలో లాభం 12 శాతం, కరెంటు ఖర్చు 42 శాతం. ఆ అదనమంతా వేడిగా మారుతుంది. వేడెక్కిన చిప్ అదే వేగంలో నిలబడటానికి ఇంకాస్త వోల్టేజీ అడుగుతుంది.

మరి కంపెనీ చెప్పిన వేగం పైన కొంత జాగా ఎలా మిగిలింది? చిప్ పాతబడుతుంది. గది వేడెక్కుతుంది. చవక మదర్‌బోర్డు మీద వోల్టేజీ ఊగుతుంది. ఒకే వేఫర్ మీద పుట్టిన రెండు చిప్‌లు ఒకేలా ఉండవు. వీటన్నిటినీ తట్టుకోవడానికి వదిలిన జాగా అది. ఒకప్పుడు చాలా ఉండేది. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఎ ఇందుకు పేరుమోసిన ఉదాహరణ. బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే, 300 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ కాస్తా 450 మీద పరిగెత్తేది. పెట్టిన డబ్బుకు సగానికి సగం ఎక్కువ వేగం! ఆ రోజులు పోయాయి. ఇప్పటి ప్రాసెసర్లు ఆ జాగాలో చాలా భాగాన్ని బూస్ట్ పేరుతో తామే వాడేసుకుంటున్నాయి. మనం పెంచుకోగలిగేది ఆ చివరి పిసరంత. కాబట్టే ఇప్పుడు హద్దు దాటడం కూడా తేలిక.

చెప్పకుండా చేసే తప్పు

కంప్యూటర్ ఆగిపోవడం చూసి బాధపడతాం కానీ, నన్నడిగితే ఈ జబ్బులో అది కాస్త దయగల లక్షణం. తప్పు విలువ ఏ చిరునామా స్థానంలోనో పడితే ప్రోగ్రామ్ లేనిచోటికి వెళ్ళి కూలిపోతుంది, మనకు తెలుస్తుంది. అదే తప్పు ఒక ఫొటోలోని రంగు మీదో, లెక్కల పట్టికలోని అంకె మీదో, కాపీ అవుతున్న వీడియో ఫైలు మధ్యలోనో పడితే ఏ హెచ్చరికా రాదు. ఫైలు సేవ్ అవుతుంది. ఆ తప్పుతోనే బ్యాకప్‌లోకి కూడా వెళ్తుంది.

ఇది ఊహ కాదు. 2021లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు తమ డేటా సెంటర్లలో పట్టుకున్న ఒక లోపాన్ని వివరించారు. కొన్ని ఫైళ్ళు మాయమవుతున్నాయి, ఎక్కడా ఎర్రర్ లేదు. తవ్వుకుంటూ వెళ్తే ఒక ప్రాసెసర్‌లోని 59వ నంబరు కోర్ దగ్గర తేలింది. 1.1ను 53 సార్లు హెచ్చించి పూర్ణాంకం చెప్పమంటే 156 రావాలి. ఆ కోర్ సున్నా అని చెప్పేది. ఫైలు సైజు సున్నా అని లెక్క తేలడంతో, ఆ ఫైలు అసలు లేనట్టే సాఫ్ట్‌వేర్ దాటిపోయేది. మిగతా లెక్కలు ఆ కోర్ చాలావరకు సరిగ్గానే చేసేది. అదేమీ ఓవర్‌క్లాక్ చేసిన మిషన్ కాదు, లోపమున్న చిప్. ఓవర్‌క్లాక్ చేసేవాళ్ళు మంచి చిప్‌ను ఆ అంచుకు తామే నడిపిస్తారు.

మైక్రోసాఫ్ట్‌లో దశాబ్దాల అనుభవమున్న రేమండ్ చెన్ 2005లో ఇలాంటిదే ఒకటి రాశారు. విండోస్ క్రాష్ నివేదికలు చూస్తుంటే, ఒక రిజిస్టర్‌ను సున్నా చేసే చిన్న ఆదేశం దగ్గర ప్రోగ్రామ్ కూలినట్టు కనిపించిందట. ఆ ఆదేశం మెమరీ జోలికే వెళ్ళదు, అక్కడ కూలడానికి కారణమే లేదు. చివరికి ఓవర్‌క్లాక్ అని తేలింది. ఆ నివేదికలు పంపినవాళ్ళలో కొందరికి తమ మిషన్ ఓవర్‌క్లాక్ అయి ఉందన్న సంగతే తెలియదు, అమ్మినవాళ్ళే పెంచి అమ్మారు. 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 10 లక్షల కంప్యూటర్ల క్రాష్ రికార్డులు పరిశీలించి ఓ పత్రం వెలువరించారు. వేగం పెంచిన మిషన్లు చెప్పుకోదగ్గంత ఎక్కువగా కూలుతున్నాయని, ఒకసారి హార్డ్‌వేర్ లోపంతో కూలిన మిషన్ మళ్ళీ కూలే అవకాశం వంద రెట్ల దాకా పెరుగుతుందని అందులో తేలింది. ‘ఒక్కసారే కదా ఆగింది, చూద్దాంలే’ అనుకోవడానికి వీల్లేదన్నమాట.

మా మేనల్లుడికి నేను ముందుగా చెప్పింది కూడా అదే. వాడి పనిలో మెమరీ కార్డు ఇంటికొచ్చాక కంప్యూటర్‌లోకి కాపీ అవుతుంది, కార్డు ఫార్మాట్ అయి మర్నాడు ఇంకో పెళ్ళికి వెళ్తుంది. జీలకర్ర బెల్లం పెట్టిన ఆ నిమిషం మళ్ళీ తీయడానికి కుదరదు. “మిషన్ సంగతి తేలేదాకా కార్డులు ఫార్మాట్ చెయ్యకురా” అన్నాను. రెండు పెళ్ళిళ్ళకు సరిపడా కొత్త కార్డులు కొన్నాడు.

ఒక్కటి మార్చు, ఆగి చూడు

ఓవర్‌క్లాక్ కుదరనప్పుడు అందరూ చేసేది ఒకేసారి నాలుగు మార్చడం. వోల్టేజీ కాస్త పెంచి, ర్యామ్ కాస్త తగ్గించి, ఫ్యాన్ వేగం పెంచి, బయాస్ కూడా అప్‌డేట్ చేసేస్తారు. బాగైతే దేనివల్ల బాగైందో తెలియదు. కాకపోతే ఏది కారణం కాదో కూడా తెలియదు.

మొదటి పని, బయాస్‌లో డిఫాల్ట్‌కు వెళ్ళిపోవడం. అన్నీ. ర్యామ్ వేగాన్ని పెంచే ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్‌తో సహా. ఇక్కడ చాలామందికి అభ్యంతరం ఉంటుంది, “ర్యామ్ పెట్టె మీదే 3600 అని రాసుంది కదా” అని. రాసుంది నిజమే. అది ర్యామ్ తయారుచేసినవాళ్ళ మాట. 5600ఎక్స్‌కు ఏఎండీ అధికారికంగా చెప్పింది 3200 వరకే. ఆ పైది ఓవర్‌క్లాకే, ప్రాసెసర్ లోపలుండే మెమరీ కంట్రోలర్‌ను చేసే ఓవర్‌క్లాక్. ప్రాసెసర్ మీద పడే నిందల్లో చాలావాటికి అసలు దోషి ర్యామే.

డిఫాల్ట్‌లో పెట్టి ఎన్నాళ్ళు చూడాలి? మామూలుగా ఎంతకోసారి ఆగుతోందో దానికి నాలుగైదు రెట్లు. రోజుకోసారి ఆగేది వారం నిలిస్తే నమ్మొచ్చు. వారానికోసారి ఆగేదాన్ని రెండు రోజులు చూసి ‘తగ్గిపోయింది’ అనకూడదు. డిఫాల్ట్‌లోనూ ఆగుతుంటే గొడవ ఓవర్‌క్లాక్‌ది కాదు. అప్పుడు చూడాల్సినవి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, సరిగ్గా కూర్చోని ర్యామ్, వదులైన ప్రాసెసర్ పవర్ కనెక్టర్. మన ఇళ్ళలో ఇంకొకటి కూడా ఉంది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. అది ఏ టైముకు జరిగిందో రాసిపెట్టుకుంటే ఈ సందేహం ఒక్క రోజులో తీరిపోతుంది.

మా వాడి మిషన్ డిఫాల్ట్‌లో నిక్షేపంగా నడిచింది. తర్వాత ర్యామ్ ఒక్కదాన్నే 3600కు పెంచి, విండోస్‌లోకి వెళ్ళకుండా పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్ నడిపించాం. శుభ్రంగా వచ్చింది. తర్వాత 200 మెగాహెర్ట్జ్ పెంపు ఒక్కటే. అదీ నిలిచింది. మిగిలింది వోల్టేజీ కోత. అది మళ్ళీ పెట్టిన మర్నాడే మధ్యాహ్నం, వాడు అన్నానికి లేచిన టైములో, మిషన్ ఆగిపోయింది.

విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అని ఒకటుంది. కంప్యూటర్ డైరీ లాంటిదే కానీ ఎవరూ తెరవరు. అందులో కెర్నల్-పవర్ 41 అనే ఎర్రని ఎంట్రీ చూసి ఎస్‌ఎంపీఎస్ మార్చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ 41 చెప్పేది ఒకటే: క్రితంసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదు అని. ఎందుకు కాలేదో దానికి తెలియదు. దాని పక్కన, కొన్ని సెకన్ల తేడాతో ఉండే ఇంకో ఎంట్రీ కోసం వెతకాలి. దాని పేరు డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్, నంబరు 18. మా వాడు ఫోన్‌లో చదివి వినిపించాడు: ఫేటల్ హార్డ్‌వేర్ ఎర్రర్. చెప్పినది, ప్రాసెసర్ కోర్. రకం, క్యాష్ హైరార్కీ ఎర్రర్. చివరి వరుసలో, ప్రాసెసర్ ఎపిక్ ఐడీ 4.

ఆ చివరి అంకె దొరికితే సగం దర్యాప్తు అయినట్టే. ఒక్కో కోర్ విండోస్‌కు ఇద్దరు పనివాళ్ళుగా కనిపిస్తుంది కాబట్టి ఐడీలు కోర్‌కు రెండు చొప్పున ఉంటాయి. 0, 1 మొదటి కోర్‌వి. 2, 3 రెండోదానివి. 4, 5 మూడోదానివి. పాత ఎంట్రీలన్నీ తిరగేస్తే 4, 5 ఎక్కువసార్లు, 0 అప్పుడప్పుడు కనిపించాయి. మిగతా నాలుగు కోర్ల పేరు ఒక్కసారీ లేదు. ఆరుగురిలో ఇద్దరే దొరికారు.

ఆ ఇద్దరే ఎందుకు?

మావాడు వాడిన సదుపాయం పేరు కర్వ్ ఆప్టిమైజర్. ప్రతి వేగానికీ ఇంత వోల్టేజీ అని ప్రాసెసర్ దగ్గర ఒక పట్టిక ఉంటుంది. కర్వ్ ఆప్టిమైజర్ ఆ పట్టిక మొత్తాన్ని కిందికో పైకో జరుపుతుంది. ఒక్కో మెట్టు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు, గరిష్ఠంగా 30 మెట్లు. వీడియోల్లో చూసి ఆరు కోర్లకూ మైనస్ 30 కొట్టేశాడు. అంటే 90 నుంచి 150 మిల్లీవోల్టుల కోత.

ఇప్పుడు రాత్రి పరీక్ష సంగతి చూద్దాం. ఆరు కోర్లూ ఒకేసారి పూర్తిగా పనిచేస్తున్నప్పుడు శక్తి, వేడి పరిమితులు అడ్డొచ్చి ప్రాసెసర్ తన వేగాన్ని తానే కొంత తగ్గించుకుంటుంది. ఆ వేగం దగ్గర, ఎంత కోసినా ఇంకా చాలినంత వోల్టేజీ ఉంటుంది. అందుకే పరీక్ష నెగ్గింది, రెండరింగ్ కూడా నిలబడింది. పని లేనప్పుడు కథ వేరు. విండోస్ వెనకాల ఏదో చిన్న పని మొదలవుతుంది. మెయిల్ వచ్చిందేమో చూడటం, యాంటీవైరస్ ఒక ఫైలు తెరవడం. దాన్ని చప్పున ముగించడానికి ఒక్క కోర్ 4.8 గిగాహెర్ట్జ్ దాకా ఎగిరి, పని ముగించి మళ్ళీ పడుకుంటుంది. సెకనులో ఎన్నోసార్లు ఇలా జరుగుతుంది. అన్నిటికంటే ఎక్కువ వోల్టేజీ కావాల్సింది ఆ ఎగిరినప్పుడే. సరిగ్గా అక్కడే మనం కోసేశాం. అన్ని కోర్ల మీదా ఒకేసారి బరువు వేసే పరీక్ష ఎప్పుడూ ఆ ఎత్తుకు వెళ్ళనే వెళ్ళదు.

ఆ ఎగిరే పని ఎవరికి అప్పగించాలో కూడా ప్రాసెసరే విండోస్‌కు చెబుతుంది. కంపెనీలోనే పరీక్షించి ఏ కోర్లు మెరుగైనవో గుర్తు పెట్టి ఉంచుతారు. ఏఎండీ వారి రైజెన్ మాస్టర్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే వాటి పక్కన గుర్తులు కనిపిస్తాయి. మా వాడి ప్రాసెసర్‌లో ఆ గుర్తులున్నవి మొదటిదీ, మూడోదీ. పడిపోతున్నవి కూడా అవే.

“బాగా పనిచేసే కోర్లకే వోల్టేజీ ఎక్కువ ఇవ్వాలా? విడ్డూరంగా ఉంది మామయ్యా!” అన్నాడు. విడ్డూరమేమీ లేదు. మంచి కోర్ తక్కువ వోల్టేజీతోనే వేగం అందుకోగలదని కంపెనీకి ముందే తెలుసు. అందుకని పట్టికలో దానికి ముందే తక్కువ రాసిపెట్టింది. ఇంక కోయడానికి అక్కడ మిగిలిందేమీ లేదు. నాసిరకం కోర్లకు ఉదారంగా ఇచ్చారు కాబట్టి వాటి దగ్గర మైనస్ 30 కూడా చెల్లిపోవచ్చు.

అందుకే ఇలాంటి సెట్టింగును ఒక్కో కోర్ మీద విడిగా పరీక్షించాలి, మిగతావి ఖాళీగా ఉంచి. ఆ పని వంతులవారీగా చేసే కోర్‌సైక్లర్ అనే ఉచిత స్క్రిప్టు ఉంది. అది లోపల నడిపించేది ప్రైమ్95ను.

ప్రైమ్95 గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. దాన్ని కంప్యూటర్లను ఏడిపించడానికి రాయలేదు. మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట కోసం జార్జ్ వోల్ట్‌మన్ 1996లో మొదలుపెట్టిన ఉమ్మడి ప్రయత్నంలో భాగం అది. ప్రపంచంలో ఎవరైనా తమ కంప్యూటర్‌ను ఆ వేటకు ఇవ్వొచ్చు. ఆ ప్రయత్నంలోనే 2024 అక్టోబరులో 4 కోట్ల 10 లక్షల అంకెలు దాటిన ప్రధాన సంఖ్య బయటపడింది. ఒక్కో సంఖ్యను తేల్చడానికి రోజుల తరబడి లెక్క నడవాలి, మధ్యలో ఒక్క బిట్ తప్పినా శ్రమంతా వృథా. కాబట్టి తను నడుస్తున్న మిషన్‌ను నమ్మొచ్చా లేదా అని ఎప్పటికప్పుడు పరీక్షించుకునే ఏర్పాటు దానికి అవసరమైంది. 2016 మొదట్లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలో ఒక లోపాన్ని బయటపెట్టింది కూడా ఈ లెక్కలే, అదీ ఓవర్‌క్లాక్ లేని ప్రాసెసర్లలో.

ప్రైమ్95 తప్పును పట్టుకునే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. కోట్ల అంకెల సంఖ్యలను దశాంశాల లెక్కతో గుణిస్తుంది. జవాబులు మాత్రం పూర్ణాంకాలే కావాలి. కాబట్టి ప్రతి జవాబూ ఏదో ఒక పూర్ణాంకానికి చాలా దగ్గరలో పడాలి. 0.4 కంటే ఎక్కువ ఎడంగా పడితే ఎక్కడో తప్పు జరిగినట్టే. 0.5 వచ్చిందంటే పై అంకె తీసుకోవాలో కింది అంకె తీసుకోవాలో తేలని స్థితి. ‘రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కంటే తక్కువ రావాలి’ అని ఆ కోర్ పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. విండోస్ కూలలేదు, మౌస్ కదులుతూనే ఉంది, పాట వినిపిస్తూనే ఉంది. కంప్యూటర్ ఒక లెక్క తప్పు చేసింది, అంతే. మా వాడి తెర మీద మూడో కోర్ దగ్గర ఆ వరుస కొద్ది నిమిషాల్లోనే వచ్చింది. అప్పటిదాకా ‘ఆగిపోతోంది’ అని మాత్రమే గొడవపడుతున్న వాడు, ఆ వరుస చూశాక కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే మామయ్యా, నేను పోయిన నెల ఇచ్చిన వీడియోలు...?” అన్నాడు.

అవన్నీ మళ్ళీ తెరిచి చూసుకున్నాడు. అదృష్టం కొద్దీ బాగానే ఉన్నాయి.

తర్వాతి పని ఓపికతో కూడింది, కష్టమైనది కాదు. తప్పు చేసిన కోర్‌కు అయిదు మెట్లు వెనక్కివ్వడం, మళ్ళీ పరీక్ష. నెగ్గేచోట ఆగకుండా ఇంకో మూడు నాలుగు మెట్లు అదనంగా ఇవ్వడం. ఇక్కడ పిసినారితనం పనికిరాదు. ఒక మెట్టు అంటే 5 మిల్లీవోల్టుల లోపు, దానివల్ల కంటికి కనిపించే నష్టం ఏమీ లేదు. చివరికి మూడో కోర్ మైనస్ 8 దగ్గర, మొదటిది మైనస్ 12 దగ్గర కుదిరాయి. మిగతా నాలుగూ మైనస్ 25.

ఇంటెల్ మిషన్ల మీద, లేదా పాత పద్ధతిలో అన్ని కోర్లకూ ఒకే వేగం కట్టేసుకున్నవాళ్ళకు, చిక్కు సాధారణంగా బరువు పడినప్పుడు వస్తుంది. వాళ్ళు చూడాల్సింది లోడ్ లైన్ కాలిబ్రేషన్. ప్రాసెసర్ మీద భారం పడగానే వోల్టేజీ కొంత జారుతుంది, అలా జారేట్టే దాన్ని రూపొందించారు. బయాస్‌లో 1.30 అని పెట్టినా భారం మీద 1.22 ఉండొచ్చు, నిలబడాల్సింది ఆ 1.22తో. ఆ జారుడును పూర్తిగా ఆపేద్దామని లోడ్ లైన్‌ను చివరి మెట్టుకు తీసుకెళ్తే, భారం దిగిన క్షణంలో వోల్టేజీ పెట్టినదానికంటే పైకి ఎగురుతుంది. ఆ ఎగురుడు మామూలు సాఫ్ట్‌వేర్ మీటర్లకు అందదు, చిప్‌కు మాత్రం తగులుతుంది. మధ్య మెట్టు మేలు.

డిసెంబరు పరీక్ష మే నెలకు చెల్లదు

కూలర్ చేయగలిగింది గది గాలి కంటే ప్రాసెసర్ ఎంత వేడిగా ఉండాలో నిర్ణయించడం వరకే. గది వేడిని అది తగ్గించలేదు. డిసెంబరు రాత్రి గదిలో 22 డిగ్రీలున్నప్పుడు 75 చూపించిన ప్రాసెసర్, మే మధ్యాహ్నం ఏసీ లేని గదిలో 38 ఉన్నప్పుడు, అదే పనికి 90 దాటుతుంది. 5600ఎక్స్ హద్దు 95. కోస్తాలోనూ తెలంగాణలోనూ 44, 45 డిగ్రీలు మనకు కొత్త కాదు. పైగా ఎండాకాలంలో వోల్టేజీ కూడా సరిగా ఉండదు. చలికాలంలో సెట్ చేసి ‘రెండు నెలల నుంచి బాగుంది’ అనుకున్న ఓవర్‌క్లాక్‌లు ఏప్రిల్‌లో ఎందుకు మొరాయిస్తాయో చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. క్యాబినెట్ ముందు జాలీకి పట్టిన దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ దీనికి తోడు. పరీక్ష చేసేదేదో ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం ఏసీ ఆపి చేయాలి. అక్కడ నెగ్గితే ఏడాది పొడుగునా నెగ్గుతుంది.

ఏమీ పెంచకుండానే కూలిపోయే మిషన్లూ ఉంటాయి. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు కొన్నవాళ్ళు అనుభవించింది అదే. గేమ్ పెట్టగానే గ్రాఫిక్ మెమరీ చాలడం లేదన్న ఎర్రర్ వచ్చేది, చూస్తే మెమరీ కావలసినంత ఉండేది. గ్రాఫిక్ కార్డును అనుమానించి మార్చినవాళ్ళూ ఉన్నారు. ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని, దానివల్ల లోపల గడియారపు సంకేతాన్ని పంచే సర్క్యూట్ అరిగిపోతోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ ఇచ్చింది, వారంటీని మరో రెండేళ్ళు పొడిగించింది. అప్పటికే అరిగిపోయిన చిప్‌ను ఏ సవరణా బాగుచేయదు, మార్చుకోవాల్సిందే. ఆ తరాల ప్రాసెసర్ వాడుతూ ఇప్పటికీ బయాస్ అప్‌డేట్ చేయనివాళ్ళు ఈ ఆదివారమే ఆ పని పెట్టుకోవాలి.

బయాస్ అప్‌డేట్‌తో మనం పెట్టుకున్న సెట్టింగులు చాలావరకు చెరిగిపోతాయి. కాబట్టి కోర్‌కు ఎంత, ర్యామ్‌కు ఎంత అన్నది కాగితం మీద ఉండాలి. కొత్త బయాస్ మీద పాత అంకెలు కుదురుతాయన్న హామీ లేదు, కోర్‌కోర్‌కూ మళ్ళీ పరీక్ష తప్పదు. మా వాడు ఆ కాగితాన్ని క్యాబినెట్ పక్క తలుపు లోపలివైపు అంటించుకున్నాడు. కార్డు నుంచి కాపీ చేశాక రెండు ఫైళ్ళ చెక్‌సమ్ పోల్చి చూసే అలవాటూ చేసుకున్నాడు. రెండూ సరిపోలితేనే కార్డు ఫార్మాట్.

ఇంతా చేసి మిగిలిన లాభమెంత అంటే, వాడి లెక్క ప్రకారం మూడు శాతం. రెండు గంటల రెండర్‌లో నాలుగు నిమిషాల లోపు. ఆ లెక్క చూసుకున్నాక తనకు తానే ఒక ఏర్పాటు పెట్టుకున్నాడు. పెళ్ళిళ్ళ సీజన్ మొత్తం 200 మెగాహెర్ట్జ్ పెంపు తీసేసి, ర్యామ్‌ను 3200కు దించి, ఎవరి ముహూర్తాలైనా అలాగే ఎడిట్ చేస్తాడు. ఆషాఢం రాగానే, పనుల్లేని ఆ నెల్లాళ్ళూ, పెంచగలిగినంత పెంచుకుని గేములు ఆడుకుంటాడు.